ముప్పై అయిదో ముడి

మీరు ఒక్కసారైనా పరుపులక్కని కలిసి తీరాలి. ఊరికే అనడం లేదు. బస్సులు తిరిగే మలుపు దాటాక, తాళాలు బాగుచేసే కొట్టుకీ మూతపడ్డ ఇస్త్రీ కొట్టుకీ మధ్య సన్నటి సందు ఒకటి ఉంటుంది. అందులో అడుగు పెట్టగానే మీ చొక్కా మీద ఏదో తెల్లటిది వాలుతుంది. దులపబోతే ఎగిరిపోతుంది, మళ్ళీ వచ్చి వాలుతుంది. దాని వెంట నడిస్తే చాలు, ఇంకెవరినీ దారి అడగక్కర్లేదు. సందు చివర నీలం తలుపు. లోపల దూది. ఆ దూది మధ్యలో పరుపులక్క.

మొదటిసారి చూసినప్పుడు ఆవిడ నేల మీద కాకుండా కొంచెం పైన, గాల్లో కూర్చుందేమో అనిపించింది. ఏకిన దూది ఆవిడ చుట్టూ నడుము దాకా ఉంది. వెంటిలేటర్లోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది. ఆ ఎండలో నూగు మెల్లగా, ఎక్కడికీ వెళ్ళే పని లేనట్టు, తిరుగుతోంది. ఆవిడ తలెత్తి చూసింది. పేరు అడగలేదు, ఏం కావాలని అడగలేదు.

"ఎడం పక్కకి తిరిగి, మోకాళ్ళు కడుపులో పెట్టుకుని పడుకుంటావు కదూ?" అంది.

"మీకెలా తెలిసింది?" అన్నాను.

"నీ భుజమే చెప్తోంది. దిండు ఎత్తు ఎక్కువైంది. పట్రా, ఓ గుప్పెడు తీసేస్తాను. డబ్బులేం వద్దులే, తీసిన దూది నాకే మిగులుతుందిగా."

అలాంటి మనిషి. వయసు యాభై దాటింది. పరుపులు కుట్టే పెద్ద సూది, అదే దబ్బనం, ఎప్పుడూ కొప్పులో గుచ్చి ఉంటుంది. వీధిలో పిల్లలకీ పరుపులక్కే, పళ్ళు ఊడిన తాతలకీ పరుపులక్కే. కరెంటు బిల్లు తెచ్చే అతను కూడా "పరుపులక్కా, బిల్లు!" అనే అరుస్తాడు.

ఇప్పుడు ఆవిడ పని గురించి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నిలబడింది.

పరుపు గట్టిపడితే ఆవిడ దగ్గరికి తెస్తాం. ఆవిడ ఒక పక్క కుట్టు విప్పి, దూదంతా బయటికి లాగి, ఏకి, మళ్ళీ నింపి కుడుతుంది. చివర్లో దూది ఒక పక్కకి జరిగిపోకుండా పరుపు నిండా ముడులు వేస్తుంది. దబ్బనంతో లావు దారం పైనుంచి కిందికి దించి, బిగించి వేసే ముడులవి. ఒంటి పరుపుకి ఏడు వరసలు, వరసకి అయిదు, మొత్తం ముప్పై అయిదు. సరే, ఇందులో వింతేముంది అంటారా? వింత దూదిలో ఉంది. మనుషులు పరుపుల్లో దాచుకుంటారు. ఉంగరాలు, ఉత్తరాలు, నోట్ల మడతలు, ఒకరైతే పదో తరగతి తప్పిన మార్కుల కాగితం. కొందరు దాచి మర్చిపోతారు. కొందరు దాచి చచ్చిపోతారు.

పరుపులక్కకి పని నేర్పింది వాళ్ళమ్మ. ఆ అమ్మ పెట్టిన నియమం ఒకటే. దూదిలో ఏది బయటపడ్డా రేకు పళ్ళెంలో పెట్టాలి. పని అయ్యాక ఏ మూల దొరికిందో ఆ మూలలోనే తిరిగి పెట్టి కుట్టెయ్యాలి. మూట కట్టి ఉంటే విప్పి చూడకూడదు, ఏది ఎవరిదో ఎవరికీ చెప్పకూడదు. ఆ ఇంటివాళ్ళు ఎదురైతే ఏమీ ఎరగనట్టు "పరుపు మెత్తగా ఉందా?" అని మాత్రం అడగాలి.

ఒకసారి డబుల్ పరుపు ఒకటి వచ్చిందట. కుడివైపు మూల భర్తకి తెలియకుండా భార్య దాచిన డబ్బు. ఎడంవైపు మూల భార్యకి తెలియకుండా భర్త దాచిన డబ్బు.

"ఇరవై ఏళ్ళ కాపురం," అంటూ పరుపులక్క పడీ పడీ నవ్వింది. "మధ్యలో దూది తప్ప ఏమీ అడ్డం లేదు. కుడిది కుడికి, ఎడమది ఎడమకి పెట్టి కుట్టేశాను. పొరపాటున తారుమారు చేసుంటే ఎంత గొడవై ఉండేదో!"

"ఎవరక్కా వాళ్ళు?"

"ఎవరూ? నాకేం తెలుసు?" అని దబ్బనం తీసి దారం ఎక్కించుకుంది. ఎన్నిసార్లు అడిగినా ఇదే జవాబు.

వాళ్ళమ్మ పోయాక ఆవిడ పరుపు పరుపులక్కకి వచ్చింది. దాన్ని ఏకడానికి విప్పితే తల వైపు ఎడం మూలలో మెత్తని గుడ్డ మూట తగిలింది. లోపల గాజులు. ఆరు. విప్పి చూడకుండానే తెలిసింది, చేత్తో తడిమితే ఒకదాన్ని ఒకటి తగిలి చిన్నగా పలికాయి. పళ్ళెంలో పెట్టింది. దూది ఏకింది. నింపింది. మూటని ఆ మూలలోనే పెట్టి కుట్టేసింది. ఆ మూల మీద మాత్రం ముడి వెయ్యలేదు, దబ్బనం బంగారానికి గుచ్చుకుంటుందని వాళ్ళమ్మ కూడా వెయ్యలేదు మరి. అందుకే ఆ ఒక్క పరుపుకీ ముప్పై నాలుగే ముడులు.

పంతొమ్మిదేళ్ళు ఆవిడ దాని మీదే మధ్యాహ్నం కునుకు తీసింది. కల కూడా ఎప్పుడూ ఒకటే. గది పైకప్పు ఉండదు. దూది పైకి లేస్తూ ఉంటుంది, మబ్బో దూదో తెలియదు. దాని మీద వాళ్ళమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, తాపీగా ఏకుతూ, తలెత్తకుండా అడుగుతుంది.

"ఎన్ని ముడులే?"

"ముప్పై నాలుగమ్మా."

"ఊ," అంటుంది అమ్మ. అంతే. ఆ "ఊ" వినబడగానే మెలకువ వస్తుంది, ఒళ్ళంతా తేలిగ్గా ఉంటుంది, కిటికీలో ఎండ ఒక జానెడు జరిగి ఉంటుంది.

ఇలా ఎన్నాళ్ళైనా గడిచిపోయేదే. వాన రాకపోతే.

ఒక హాస్టలువాళ్ళు నూట నలభై పరుపులు కావాలన్నారు. అంత పెద్ద పని ఆవిడ జన్మలో చూడలేదు. చేత్తో ఏకితే ఏడాది పడుతుందని బ్యాంకులో అప్పు తీసుకుని దూది ఏకే మిషను కొంది. పరుపు గుడ్డ కొట్లో అరువు తెచ్చింది. దూది మాత్రం ఎప్పటిలాగే దూది షావుకారు పంపాడు. ఆయన దగ్గర కాగితం లేదు, సంతకం లేదు. "పరుపులు పోయాక ఇద్దువుగానిలే," అన్నాడు, అంతే. షావుకారు అంటే పెద్ద మేడలో ఉంటాడనుకునేరు. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలూ ఒక గోడౌనూ ఒక తోపుడు బండీ, అదీ ఆయన ఆస్తి.

నూట నలభై పరుపులూ కుట్టేసింది. అద్దెకి తీసుకున్న రేకుల షెడ్డులో పేర్చింది. మర్నాడు లారీ రావాలి. ఆ సాయంత్రం మొదలైన వాన నాలుగు రోజులు పడింది. రెండో రోజు గాలికి రేకు ఒకటి లేచింది. తలుపు తీసేసరికి పరుపులన్నీ నీళ్ళు తాగి, ఒకదాని మీద ఒకటి ఒరిగి, లారీ కోసం ఎదురు చూసి చూసి నిద్రపోయినట్టు ఉన్నాయట. తడిసి ముద్దయిన దూది ఎంత ఎండబెట్టినా ఉండలు కడుతుంది, వాసన వేస్తుంది. హాస్టలువాళ్ళు వేరే చోట కొనుక్కున్నారు. పరుపులక్కకి బ్యాంకూ గుడ్డ కొట్టూ షావుకారూ మిగిలారు.

ఎనిమిది నెలలు పెనుగులాడింది. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఐపీ పెట్టడం తప్ప దారి లేదని తేలింది. అప్పులు తీర్చలేను, నాకున్నదంతా ఇదీ, దీన్ని అందరికీ పంచి నన్ను వదిలెయ్యండని కోర్టుని అడగడమే ఐపీ. వీధిలో ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గిస్తారు. ఆవిడ తగ్గించలేదు. "ఐపీ పెడుతున్నానర్రా, దిండ్లు ఏవైనా ఉంటే ముందే పట్రండి, తర్వాత దారానికి కూడా గతి ఉండదు!" అని సందు మొదట్లో నిలబడి చెప్పింది.

ప్లీడరమ్మ ఆఫీసు జిరాక్సు కొట్టు పైన. ఫ్యాను కింద ఫైళ్ళ మీద చదును రాళ్ళు పెట్టి ఉంటాయి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పరుపులక్క ఆ కుర్చీలో కూర్చోగానే కుషను నొక్కి చూసి మొహం అదోలా పెట్టింది.

"కుషను సంగతి తర్వాత చూద్దాం," అంది ప్లీడరమ్మ. "ముందు జాబితా చెప్పండి. మీకున్న ప్రతీదీ. విరిగిందా, పాతదా, పనికొస్తుందా అని మీరు చూడొద్దు. అది కోర్టు చూసుకుంటుంది. మీరు చెప్పడమే మీ పని."

పరుపులక్క చెప్పింది. ఏకే మిషను ఒకటి. తూకం కాటా ఒకటి, ఒక పళ్ళెం సొట్ట. దబ్బనాలు ఏడు, అందులో ఒకటి వంగింది. కత్తెరలు మూడు. దూది కొట్టే కర్రలు రెండు. ఫ్యాను, రెక్క ఊగుతుంది. గొడుగు.

"గొడుగు కూడానా!" అంది ప్లీడరమ్మ రాస్తూ.

"మీరే కదండీ ప్రతీదీ అన్నారు?"

"అన్నాను, అన్నాను. మంచిది. వినండి, వంట గిన్నెలు, కట్టుకునే బట్టలు, పడుకునే పరుపు, చేతి పనిముట్లు, ఇవి మీ దగ్గరే ఉంచుతారు. అయినా రాయాలి. రాసినవాటిలో వాళ్ళు వదిలేసేవి ఉంటాయి. రాయనివాటిలో మాత్రం ఒక్కటి బయటపడినా ఇక మీరు చెప్పిన దేన్నీ నమ్మరు. అప్పులు అలాగే ఉంటాయి, పైగా ఒట్టేసి అబద్ధం చెప్పారని కేసు. అర్థమైందా? ఇప్పుడు చెప్పండి, బంగారం?"

"చెవులకున్నవి."

"ఇంట్లో ఇంకేమీ లేదుగా?"

"ఇంట్లో లేదండీ."

ఇదిగో, ఇక్కడ మీరు ఆవిడని తప్పుగా అనుకోకూడదు. ఆవిడ దాచాలని అనలేదు. దూదిలో ఉన్నది ఆవిడ లెక్కలో ఇంట్లో ఉన్నట్టు కాదు. ముప్పై ఏళ్ళపాటు కళ్ళ ముందు పడ్డదాన్ని చూడకుండా ఉండటమే ఆవిడ నిజాయితీ. గొడుగు రాయించిన మనిషి గాజులు మర్చిపోయింది, ఎందుకంటే గాజుల్ని ఎప్పుడూ గుర్తు పెట్టుకోలేదు. జాబితా కింద వేలుముద్ర కాదు, గుండ్రటి అక్షరాలతో సంతకమే పెట్టింది.

ఆ ఆదివారం తమ్ముడొచ్చాడు. ఆవిడ తమ్ముడు బస్సు కండక్టరు. ఇంట్లో కూడా ఒక చెయ్యి ఎత్తి, కమ్మీ పట్టుకున్నట్టే నిలబడతాడు.

"అక్కా, అమ్మ గాజులు రాయలేదుగా?"

"ఏ గాజులు?"

"ఏ గాజులా! నాకు తెలీదనుకున్నావా? చిన్నప్పుడు ఆ మూల కూర్చుంటే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది. మంచిపని చేశావులే. పడుకునే పరుపు వాళ్ళు ముట్టుకోరట, చట్టమే వదిలేసింది. దర్జాగా దాచావు!"

"నేనేం దాచలేదురా. అమ్మ పెట్టింది."

"అమ్మ పెట్టింది, నువ్వు రాయలేదు. ఇద్దరూ కలిసి బ్రహ్మాండంగా చేశారు."

"నోర్ముయ్."

"నన్నెందుకు తిడతావు? రోజూ టిక్కెట్టు లేనివాళ్ళని చూస్తాను అక్కా. ధైర్యంగా కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు ఎప్పుడూ దొరకడు. నువ్వూ అలాగే కూర్చో."

"దొరకని వాడి సంగతి నీకెలా తెలిసిందిరా మరి?"

తమ్ముడు ఎత్తిన చెయ్యి దించి, "టీ ఇస్తావా లేదా?" అన్నాడు.

వాడు వెళ్ళాక ఆవిడ మధ్యాహ్నం పడుకుంది. కల వచ్చింది. పైకప్పు లేదు. దూది లేస్తోంది. అమ్మ ఏకుతోంది.

"ఎన్ని ముడులే?"

"ముప్పై నాలుగు."

అమ్మ "ఊ" అనలేదు. చేతులు ఆపి, మొదటిసారి తలెత్తింది. "ముప్పై అయిదోది ఏదే?"

పరుపులక్క లేచి కూర్చుంది. ఎండ జరగలేదు, ఉన్నచోటే ఉంది.

ఇంకో పది రోజుల్లో కోర్టు పంపిన అధికారి ఇంటికొచ్చి జాబితా సరిచూసుకోవాలి. ఈలోగా ఎవరూ అనుకోనిది జరిగింది. దూది షావుకారు తోపుడు బండి మీద చుట్టిన పరుపు పెట్టించుకుని సందులోకి వచ్చాడు. బాకీ కోసమే అనుకుంది పరుపులక్క. తలుపు దగ్గరే నిలబడి చేతులు కట్టుకుంది.

"డబ్బు అడగడానికి రాలేదమ్మా," అన్నాడాయన కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ. "పరుపు రాయిలా అయింది. నడుం పట్టేస్తోంది. ఇంకొకరి చేతిలో పెట్టాలనిపించలేదు."

"మీకు బాకీ ఉన్నదాన్ని, నా దగ్గరికే వచ్చారా బాబాయ్?"

"బాకీ కోర్టులో ఉంది. నడుం నా దగ్గరే ఉందిగా!"

ఆయన వెళ్ళాక కుట్టు విప్పింది. ఇదే పరుపు ఆరేళ్ళ కిందట కూడా ఆవిడే ఏకింది. అప్పుడు కాళ్ళ వైపు కుడి మూలలో గుడ్డ సంచీ దొరికింది. బిర్రుగా ఉండేది, అరచేతిలో పట్టేది కాదు. ఏమీ ఎరగనట్టు తిరిగి పెట్టేసింది. ఇప్పుడు ఆ మూల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కుట్టు తనది కాదు. వంకరటింకరగా, చొక్కా గుండీలు కుట్టే సన్నదారంతో, ఎవరో చేతగాని మనిషి విప్పి మళ్ళీ కుట్టుకున్నాడు. లోపల సంచీ ఉంది. ఖాళీ సంచీ. నాలుగు మడతలు పెట్టి, ఎప్పటికైనా పనికొస్తుందన్నట్టు, జాగ్రత్తగా ఉంది.

ఆవిడకి అర్థమైపోయింది. ఆవిడ ఇవ్వని దూది డబ్బుని ఆయన తనకి దూది అమ్మినవాళ్ళకి తన పరుపులోంచి తీసి కట్టాడు. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు చెప్పరు. ఇంకొకరు చెప్పకూడదు.

సంచీని రేకు పళ్ళెంలో పెట్టింది. తర్వాత లోపలి గదిలోకి వెళ్ళింది. కొప్పులోంచి దబ్బనం తీసింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి తన పరుపు మూల విప్పింది.

గాజులు ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చుందో ఆవిడకే తెలియదు. గదిలో దూది నూగు ఆడుతోంది. ఎదురుగా షావుకారు పరుపు కడుపు తెరుచుకుని ఉంది. పక్కన ఖాళీ సంచీ. ఎంత సులువు! ఆరు గాజులు సంచీలో, సంచీ మూలలో, మూల మీద నాలుగు కుట్లు. ఎవరి కంటా పడదు. ఆయన ఎప్పుడో తడుముకుంటాడు, సంచీ నిండుగా తగులుతుంది, కలేమో అనుకుంటాడు. అదే జాబితాలో రాసిందా, ముప్పాతిక భాగం బ్యాంకు పట్టుకుపోతుంది, గుడ్డ కొట్టు కొంత పట్టుకుపోతుంది, ఆయనకి చిటికెన వేలి గోరంత మిగులుతుంది.

గాజుల్ని చెంగున ముడేసుకుని ప్లీడరమ్మ దగ్గరికి నడిచింది.

"ఒకావిడ ఉందనుకోండి," అంది కుర్చీ అంచున కూర్చుని.

"ఊ, ఉంది."

"ఆవిడ జాబితాలో ఒకటి రాయలేదనుకోండి. దాచాలని కాదు. తట్టలేదు. ఇప్పుడది అప్పులవాళ్ళలో ఒక మంచాయనకి నిశ్శబ్దంగా ఇచ్చేస్తే, బాకీ తీర్చినట్టే కదండీ? తప్పేముంది?"

ప్లీడరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఆ ఒకావిడ చెంగులో గలగలమంటున్నవి ఎన్ని?"

పరుపులక్క తల వంచుకుంది. "ఆరు."

"అయ్యో తల్లీ! గొడుగు రాయించి వీటిని వదిలేశావా?" అని ప్లీడరమ్మ లేచి తలుపు మూసి వచ్చింది. ఈసారి గొంతు తగ్గించింది. "విను. అప్పిచ్చినవాళ్ళలో ఒకరికి చాటుగా ఇవ్వడం అంటే మిగతావాళ్ళ దగ్గర దాచడమే. బయటపడితే నీ పిటిషన్ పోతుంది. అంతటితో ఆగదు. ఆ మంచాయన ఇంటికీ వెళ్తారు, ఇచ్చింది వెనక్కి తీసుకుంటారు. నీ అబద్ధం ఆయన పరుపులో పెట్టి కుట్టినట్టు అవుతుంది. పాపం, ఆయన దాని మీద పడుకోవాలి."

"మరి ఇప్పుడు రాస్తే?"

"వాళ్ళు అడగకముందు నీ అంతట నువ్వు చెప్తే జాబితా సరిదిద్దుకోవచ్చు. జడ్జిగారు ఎందుకు రాయలేదని అడుగుతారు. నమ్మచ్చు, నమ్మకపోవచ్చు. మాటివ్వలేను. కానీ వాళ్ళు వెతికి పట్టుకున్నాక చెప్తే మాత్రం ఎవరూ నమ్మరు, అది మాటిస్తాను."

"నమ్మకపోతే గాజులూ పోతాయి, అప్పులూ ఉంటాయి. అంతేనా?"

"అంతే."

ఆ రోజు పరుపులక్క ఇంటికి చాలా దూరం తిరిగి వెళ్ళిందట. తెలిసిన వీధులే కొత్తగా కనబడ్డాయట. ప్రతి కిటికీ వెనకా ఒక పరుపు, ప్రతి పరుపులో ఒక మూల, ఆ మూలలన్నీ తనకి తెలుసు. ఊరంతా దూది మీద తేలుతున్నట్టు, దాని కుట్లన్నీ తన చేతిలో ఉన్నట్టు అనిపించిందట. ఒక్క కుట్టు. ఒకే ఒక్క కుట్టు చాటుగా వేస్తే ఏమవుతుంది?

మర్నాడు పొద్దున్న షావుకారు పరుపు నింపింది. సంచీని ఎలా ఉందో అలాగే, ఖాళీగా, నాలుగు మడతలతో, కుడి మూలలో పెట్టి కుట్టింది. ఆ తర్వాత గాజుల్ని రేకు పళ్ళెంలో పెట్టుకుని ప్లీడరమ్మ ఆఫీసు మెట్లెక్కింది. ఆ పళ్ళెంలో పెట్టింది తిరిగి దూదిలోకి వెళ్ళకపోవడం అదే మొదటిసారి.

తమ్ముడికి తెలిసి పరిగెత్తుకొచ్చాడు.

"బంగారం లాంటి సీటు దొరికితే మధ్యలో దిగిపోయావేంటక్కా!"

"నా స్టాపు వచ్చిందిరా," అంది పరుపులక్క.

కోర్టులో జడ్జి కాగితం రెండుసార్లు చదివాడట. "కత్తెరలు రాశారు, గొడుగు రాశారు. గాజులు ఎందుకు రాయలేదు?"

"దూదిలో ఉన్నది చూడకూడదని మా అమ్మ నేర్పిందండీ."

"ఆ పరుపు ఎవరిది?"

"మా అమ్మదండీ."

"ఆవిడ ఉన్నారా?"

"లేరండీ. పంతొమ్మిదేళ్ళయింది."

"మరైతే ఎవరిదమ్మా?"

ఇంతకాలం ఎవరూ పరుపులక్కని అది అడగలేదు, తనని తాను కూడా అడగలేదు. "నాదేనండీ," అంది చివరికి. అమ్మ పోయిన రోజు ఏడవని ఏడుపు అక్కడ, బెంచీల మధ్య, అందరి ముందూ ఏడ్చింది.

బ్యాంకు తరఫు లాయరు అభ్యంతరం చెప్పాడు, మొదట రాయలేదు కాబట్టి నమ్మడానికి లేదన్నాడు. జడ్జి ఆ రోజు ఏమీ తేల్చలేదు. మూడు వారాలు పరుపులక్కకి మధ్యాహ్నం కునుకూ లేదు, కలా లేదు. చివరికి, ఎవరూ అడగకముందు తనంతట తాను తెచ్చి పెట్టింది కాబట్టి, సరిదిద్దిన జాబితా చెల్లుతుందన్నాడు. అంతవరకూ ఆగిన అధికారి ఇంటికొచ్చి చూసుకున్నాడు. మిషను పోయింది, కాటా పోయింది, గాజులు వేలానికి పోయాయి. దబ్బనాలు ఏడూ ఆవిడకే ఉంచారు, వంగినదానితో సహా. గొడుగు ఎవరికీ అక్కర్లేదు. ఏడాది తిరిగాక కోర్టు మిగిలిన అప్పుల నుంచి ఆవిడకి విడుదల ఇచ్చింది.

షావుకారుకి వచ్చిన వాటా నిజంగానే గోరంత. ఆయన ఒకరోజు వచ్చి దూది మూట మీద కూర్చున్నాడు. పరుపులక్క ఉండబట్టలేక మొత్తం చెప్పేసింది. ఇంకొకరి పరుపు విషయంలో అమ్మ పెట్టిన నియమాన్ని తప్పింది ఆ ఒక్కసారే, అదీ సంచీ ఎవరిదో ఆ మనిషి దగ్గరే.

"ఆరూ మీ సంచీలో పెట్టేద్దామనుకున్నాను బాబాయ్."

ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "పెట్టుంటే కోర్టువాళ్ళు వచ్చి నా పరుపు కోసేవాళ్ళమ్మా. ఖాళీ సంచీ పరువు కూడా పోయేది." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయినా నిజం చెప్పనా? ఒక్కోసారి పడుకున్నాక ఆ మూల తడుముకుంటాను. ఊరికే. అలవాటు." వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "నా సంచీ సంగతి ఎవరికైనా చెప్పుకోమ్మా. నాకేం సిగ్గు లేదు." అలా అన్నాడు కాబట్టే ఆవిడ నాకు చెప్పింది, నేను మీకు చెప్తున్నాను.

గాజులు అప్పగించిన సాయంత్రమే ఆవిడ తన పరుపు మూల కుట్టేసి, దాని మీద దబ్బనం దించి, దారం బిగించి, ముడి వేసింది. ఇప్పుడు మిషను లేదు, చేత్తోనే ఏకుతుంది. షావుకారు దూది పంపుతున్నాడు, మూటకి మూట డబ్బు తీసుకుని. మధ్యాహ్నం కునుకు మళ్ళీ వస్తోంది. పైకప్పు ఉండదు, దూది లేస్తుంది, అమ్మ ఏకుతూ ఉంటుంది.

"ఎన్ని ముడులే?"

"ముప్పై అయిదమ్మా."

"అమ్మ ఏమంటుంది?" అని అడిగాను.

పరుపులక్క దారం కొరికి, ఎండలో తేలే నూగు వైపు చాలాసేపు చూసింది. "ఏమీ అనదు. కొంచెం పక్కకి జరుగుతుంది. నాకు చోటిస్తుంది."

నాకు మాత్రం ఆ మధ్యాహ్నమే కళ్ళ ముందు తిరుగుతోంది. ఒళ్ళో మీ అమ్మ గాజులు ఆరు. ఎదురుగా తెరిచి ఉన్న పరుపు. మిమ్మల్ని నమ్మి, మీ వల్ల ఖాళీ అయిన సంచీ. గదిలో ఎవరూ లేరు, చేతిలో దబ్బనం ఉంది, దారం ఎక్కించే ఉంది. మీరైతే ఏం చేసేవారు?